మోటారు సైకిళ్ళ పందెం: తప్పు ఎవరిదీ కాదట!

1984 వేసవి. అనంతపురంలో ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ బ్రాంచిలో అసిస్టెంటు మేనేజరుగా పనిచేస్తున్నాను. జనరల్ ఇన్సూరెన్స్ అంటే మనుషుల ప్రాణాల బీమా కాదు. లారీలు, వేరుశనగ మిల్లులు, అగ్నిప్రమాదాలు, చచ్చిపోయిన పాడి ఎనుములు, ఇవీ మా సరుకు. మా గుమ్మం తొక్కేవాళ్ళంతా ఏదో ఒకటి పోగొట్టుకుని వచ్చేవాళ్ళే కాబట్టి ఆఫీసులో నవ్వు ముఖం కనిపించడం అరుదు. నా ముఖం కూడా అలాగే తయారైందని మా ఆవిడ దెప్పేది.

అలాంటి ఆఫీసులోకి ఒకరోజు తిప్పేస్వామి నవ్వుతూ వచ్చాడు. కళ్యాణదుర్గంలో మోటారు సైకిళ్ళ మెకానిక్కు. ముప్పై ఏళ్ళుంటాయి. చేతులు ఎంత రుద్ది కడుక్కొచ్చాడో గానీ గోళ్ళ నిండా గ్రీజు అలాగే ఉంది.

"సార్, మోటో క్రాస్ పెడతాండాము. దానికి ఇన్సూరెన్సు కావల్ల."

"అదేం క్రాసయ్యా?"

అంతే, కుర్చీ లాక్కుని కూర్చుని చేతులు తిప్పుతూ అరగంట చెప్పాడు. తారు రోడ్డు మీద కాదు, గుంతలూ దిబ్బలూ మలుపులూ ఉన్న మట్టి బాట మీద మోటారు సైకిళ్ళ పందెం. బెంగుళూరులో పనిచేసేటప్పుడు చూశాడట. అప్పటినుంచీ మన పక్క కూడా పెట్టాలని ఒకటే పిచ్చి. కంబదూరు దగ్గర ఎండిపోయిన చెరువు ఉంది. ఆ చెరువులో నీళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో ఊళ్ళోవాళ్ళకే గుర్తులేదు. బండ్లు తోలేవాళ్ళు పెద్ద పోటీగాళ్ళేమీ కాదు, మెకానిక్కులు, జీపు డ్రైవర్లు, సేద్యగాళ్ళు. అంతా సరదా కోసమే. బీమా లేకుండా పందేనికి అనుమతి ఇచ్చేది లేదని పోలీసులు తేల్చి చెప్పారు.

దానికి కావలసింది పబ్లిక్ లయబిలిటీ పాలసీ. పందెం పెట్టినవాడి తప్పు వల్ల చూడ్డానికి వచ్చిన జనానికి దెబ్బ తగిలితే, అతను ఇచ్చుకోవలసిన పరిహారం కంపెనీ ఇస్తుంది. బండి తోలేవాళ్ళకు అది వర్తించదు, వాళ్ళకు వేరే పాలసీ. ఇందులో 'తప్పు వల్ల' అన్న మాట ముఖ్యం. తప్పు లేకపోతే పరిహారం లేదు.

పాలసీ ఇచ్చేముందు స్థలం చూసి రావడం మా పద్ధతి. దాన్ని రిస్క్ ఇన్‌స్పెక్షన్ అంటారు. పోయి చూశాను. నాకు ఏదో ఒక లోపం పట్టుకునే దురలవాటు ఉంది గానీ, ఆ రోజు పెద్దగా దొరకలేదు. జనం నిలబడేచోట దూరంగా తాడు కట్టాడు. మలుపుల దగ్గర ఇసుక మూటలు పేర్చాడు. హెల్మెట్ లేనివాణ్ణి బండి ఎక్కనివ్వనన్నాడు. బాట మధ్యలో ఒక ఎత్తయిన దిబ్బ ఉంది, బండ్లు దాని మీదినుంచి ఎగిరి దూకాలి. అవతల ఏముందో ఎక్కేవాడికి కనపడదు. అందుకని దిబ్బ పక్కన ఒక ఫ్లాగ్ మార్షల్, అంటే జెండా పట్టుకుని హెచ్చరించే మనిషి. ఆ ఊరి డ్రిల్లు మాస్టరును పెట్టారు. అవతల ఎవరైనా పడిపోతే ఆయన పసుపు జెండా ఊపుతాడు. ఊపితే వేగం తగ్గించాలి. బెంగుళూరు రూలు అదే. భేష్ అనుకుని పాలసీ ఇచ్చేశాను.

పందెం జరిగిన నాలుగో రోజున కళ్యాణదుర్గం నుంచి మా ఏజెంటు ఆఫీసుకు ట్రంకాల్ చేశాడు. చూడ్డానికి వచ్చిన ఒక రైతును బండి గుద్దింది, తొడ ఎముక విరిగింది, మీ ఊరి పెద్దాసుపత్రిలోనే చేర్చాము అని. కాగితాలు సర్దుకుని బయలుదేరాను.

రైతు పేరు గంగులప్ప. విరిగిన కాలికి బరువులు వేలాడదీసి పడుకోబెట్టారు. భార్య నరసమ్మ తలాపున కూర్చుని విసనకర్ర విసురుతోంది. మంచం పక్కన ఒక యువకుడు సంగటి ముద్ద తుంచి గంగులప్పకు తినిపిస్తున్నాడు. తమ్ముడనుకున్నాను.

"తమ్ముడు గాదు సార్," అన్నాడు గంగులప్ప. "మా ఊరి జీపు డ్రైవరు షఫీ. నన్ను గుద్దింది ఈయప్పే."

నేను నోరు వెళ్ళబెట్టాను. గుద్దినవాడు తినిపించడం, విరిగినవాడు తినడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి చూడటం.

ఏం జరిగిందంటే, ముందుపోయిన ఒకతను దిబ్బ దూకి అవతల పడిపోయాడు. అతనికి పెద్దగా తగల్లేదు గానీ బండి కాలి మీద పడి లేవలేకపోయాడు. తాడు దగ్గర నిలబడిన గంగులప్ప అతన్ని లేపుదామని పరిగెత్తాడు. మన దగ్గర ఎవరైనా కిందపడితే జనం తాడు చూసి ఆగుతారా? డ్రిల్లు మాస్టరు పసుపు జెండా ఊపాడు. వెనక వస్తున్న షఫీ వేగం తగ్గించకపోగా పెంచాడు. దిబ్బ మీదినుంచి దూకి నేరుగా గంగులప్ప మీద పడ్డాడు.

షఫీని వరండాలోకి తీసుకుపోయి గట్టిగానే అడిగాను. "పసుపు జెండా చూశావా, లేదా?"

"సూసినా సార్."

"చూసి కూడా ఎందుకు ఆగలేదు?"

"ఒగటి గాదు సార్, నూరు సూసినా!" అన్నాడు, కళ్ళనీళ్ళు తిరుగుతుంటే. "ఆ దినం మా ఊరి పరస సార్. మొక్కు ఉండేటోళ్ళంతా పసుపు గుడ్డల్లోనే ఉండారు. తాడు ఎంబడి ఆ కొస నుంచి ఈ కొస దంకా పసుపు టవళ్ళు ఊపుతాండారు. మా పక్క బండలాగే ఎద్దులకు టవలు ఊపితే ఏమి సార్? పో, పో అని గదా! నన్నూ పొమ్మంటాండారు అనుకుంటి. ఇంగా యాక్సిలేటరు తిప్పితి."

నాకు ఒక్కసారిగా బొమ్మంతా కనిపించింది. పరస అంటే అక్కడి అమ్మవారి జాతర. నేను స్థలం చూసినప్పుడు పందేనికి వేరే రోజు అనుకున్నారు. జనం ఎక్కువ వస్తారని తిప్పేస్వామి దాన్ని జాతర రోజుకు మార్చాడు. పాలసీ ఆ నెలంతటికీ ఉంది కాబట్టి దానికి ఢోకా లేదు. మార్చినవాడు జెండా రంగు గురించి ఆలోచించలేదు. ఆ దుమ్ములో, ఆ జనంలో, డ్రిల్లు మాస్టరు జెండా మరో టవలు అయిపోయింది. షఫీ రూలు ధిక్కరించలేదు. గంగులప్ప ఒకణ్ణి కాపాడబోయాడు. తప్పు పందెం పెట్టినవాడిది. సరిగ్గా అలాంటి తప్పు కోసమే పాలసీ ఉన్నది. క్లెయిమ్ నిలుస్తుంది! కంపెనీ జీతం తింటూ క్లెయిమ్ నిలిచిందని సంబరపడే పిచ్చివాడు నువ్వొక్కడివే అని మా మేనేజరుగారు నన్ను ఎత్తిపొడిచేవారు. ఆ రోజు మాత్రం నేను సిగ్గులేకుండా సంబరపడ్డాను. ఎందుకంటే వార్డు డాక్టరు అప్పుడే చెప్పాడు, ఎముకలో కడ్డీ వేయాలి, ఇక్కడ కాదు, బెంగుళూరు తీసుకుపోవాలి, లేకపోతే కాలు పొట్టిదైపోతుంది, ఇక మడక పట్టి దున్నలేడు అని. గంగులప్పకు ఉన్నది రెండు ఎద్దులు, వాన మీద బతికే కాస్త చేను. ఎద్దులను అమ్మడానికి నరసమ్మ అప్పటికే మనిషిని పంపింది.

మళ్ళీ మంచం దగ్గరికి వచ్చి వాంగ్మూలం రాసుకుందామని పెన్ను తీశాను.

"చెప్పు గంగులప్పా, తప్పు ఎవరిది?"

"ఎవుర్దీ తప్పు లేదు సార్. నా గాచారం."

"అలా అనకూడదు. ఆలోచించి చెప్పు."

"ఆలోచించేదేముండాది? ఊర్లో పంచాయితీ గూడా అయిపోయింది." నరసమ్మ చీర కొంగు ముడి విప్పి మడిచిన కాగితం ఒకటి గర్వంగా నా చేతిలో పెట్టింది. ఊరి పెద్దలు కూర్చుని రాజీ చేశారు. షఫీ తప్పు లేదు, తిప్పేస్వామి తప్పు లేదు, గంగులప్ప తప్పు లేదు, ఒకరి మీద ఒకరికి కోపం లేదు, అంతా అమ్మవారి ఆన అని రాసి అందరూ వేలిముద్రలు వేశారు. మంచి మనుషులు మంచిగా కలిసిపోయారని చూసి కంపెనీ మెచ్చుకుంటుందనుకున్నారు, పాపం.

నాకు తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. ఎవరి తప్పూ లేకపోతే మా కంపెనీ నయాపైసా ఇవ్వదు. వీళ్ళ మంచితనమే వీళ్ళ నోట్లో మట్టి కొట్టేటట్టుంది. మేనేజరుగారికి చెబితే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. "వాళ్ళే రాసిచ్చారుగా? ఫైలు మూసెయ్యండి."

నేను మూయలేదు. మరునాడు పొద్దున్నే కంబదూరు బస్సెక్కాను. పంచాయతీ ఆఫీసు వరండాలో పెద్దలను కూర్చోబెట్టాను. తిప్పేస్వామినీ షఫీనీ పిలిపించాను. ఎద్దుల బేరం కోసం ఊరికి వచ్చిన నరసమ్మ కూడా స్తంభం పక్కన నిలబడింది. ఇలా రాసుకుంటే పరిహారం రాదని నేను చెప్పగానే ఒక పెద్దాయన ఎగిరిపడ్డాడు.

"ఏమప్పా, మేము మేము కలిసిపోతే నీకేం కడుపునొప్పి? కొట్లాడుకోమంటావా?"

"కొట్లాడుకోమనడం లేదు పెద్దాయనా. జరిగింది జరిగినట్టు చెప్పమంటున్నాను. మీరు ఎవరినీ తప్పుపట్టకపోతే గంగులప్ప ఎద్దులు పోతాయి, కాలూ పోతుంది. మీ రాజీ మిగులుతుంది."

నేను తిప్పేస్వామి వైపు తిరిగాను. ఆఫీసులోకి నవ్వుతూ వచ్చిన మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పందెం పరస దినానికి మార్చింది ఎవరయ్యా?"

"ఏజెంటు సెప్పినాడు సార్, నోరు ఇప్పితే పాలసీ పోతాదని. అందుకే కుక్కిన పేను మాదిరి ఉండా."

నాకు ఒళ్ళు మండింది. పాలసీలో అలాంటి షరతు ఒకటి ఉంది గానీ దాని అర్థం అది కాదు. కంపెనీని అడక్కుండా పరిహారం ఇస్తానని నీ అంతట నువ్వు బయట మాట ఇవ్వకూడదు, అంతే. కంపెనీ మనిషి వచ్చి అడిగితే నిజం చెప్పి తీరాలి. ఆ సంగతి విడమరిచి చెప్పాను. దాచడం నాకు చేతకాదు కాబట్టి రెండో సంగతి కూడా చెప్పాను. "నువ్వు తప్పు ఒప్పుకుంటే ఇక పోలీసులు నీకు పందేనికి అనుమతి ఇవ్వకపోవచ్చు. అది కూడా ఆలోచించుకో."

అది అతను ఏళ్ళ తరబడి కన్న కల. అయినా లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది," అన్నాడు. "జనం ఎక్కువ వస్తారని ఆశపడి పరస దినానికి మార్చినా. ఆ దినం అందరూ పసుపే కడతారని నాకు తెల్దా? ఈ పక్కే పుట్టి పెరిగినోన్ని. టవలు ఊపుతారని తెల్దా? బెంగుళూరు పుస్తకంలో పసుపు అని ఉంటే పసుపే కుట్టించినా. ఎర్రదో నల్లదో కుట్టించింటే షఫీ నిలబడి ఉండేటోడు."

నరసమ్మ ముందుకొచ్చింది. "ఊరుకో తిప్పన్నా. మా కోసరం లేని తప్పు నెత్తినేసుకోవద్దు."

"లేని తప్పు గాదు వదినా, ఉండే తప్పే. ఆ దినం నుంచి గొంతుకు అడ్డం పడిండాది."

నా చేతిలోని పాత రాజీ కాగితం పెద్దాయనే తీసుకుని చించేశాడు. తిప్పేస్వామి చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. షఫీ అక్కడే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఎవరూ అతన్ని ఒక్క మాట అనకపోయినా, తను గుద్దినందుకు లోపల్లోపల ఎంత కుమిలిపోతున్నాడో నాకప్పుడు తెలిసింది.

ఆ తర్వాత నా యుద్ధం నేను చేశాను. తాడు దాటినవాడు ప్రేక్షకుడెలా అవుతాడని పైవాళ్ళు అడ్డుకొట్టారు. పడినవాణ్ణి లేపబోయినవాడు తాడు దాటక ఇంకెలా లేపుతాడని నేను రాశాను. మేనేజరుగారు గొణుక్కుంటూనే సంతకం పెట్టారు. కంపెనీ ఒప్పుకుందని తెలియగానే బెంగుళూరు ఆసుపత్రిలో గంగులప్పను చేర్చుకున్నారు. కడ్డీ వేశారు. ఎద్దులు అమ్ముడుపోలేదు. నేననుకున్నట్టే తిప్పేస్వామికి మాత్రం పోలీసులు మళ్ళీ అనుమతి ఇవ్వలేదు.

మరుసటి ఏడు వానలప్పుడు ఒక మిల్లు పనిమీద కంబదూరు పోయి, ఉండబట్టలేక గంగులప్ప చేను దాకా నడిచాను. గంగులప్ప కొంచెం ఎగుడుదిగుడుగా నడుస్తూ, తన చేత్తోనే గొర్రు పట్టి వేరుశనగ విత్తుతున్నాడు. తిప్పేస్వామి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కొట్టుకు సెలవు పెట్టి విత్తనానికి సాయం వచ్చాడట. నరసమ్మ నాకు మజ్జిగ ఇచ్చింది. ఇచ్చి, మొహమాటం లేకుండా మనసులో ఉన్నది అనేసింది.

"మా ఆయన కాలు నిలబెట్టినారు సార్, మీ రుణం తీర్సుకోలేము. అయితే నలుగుర్లో తిప్పన్న తల దించినారు. అది నాకు ఇప్పటికీ కష్టంగా ఉండాది."

జవాబు తిప్పేస్వామే చెప్పాడు, మొదటిరోజు ఆఫీసులో నవ్విన నవ్వు నవ్వుతూ.

"దించుకుంటే ఏమైతాది వదినా? రెండు దినాలు ఉంటే తల అదే లేస్తాది. అన్న కాలు అట్ల లేస్తాదా?"

తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో లయబిలిటీ పాలసీలు ఇచ్చాను. షరతులన్నీ చదివి వినిపించాక, ప్రమాదం జరిగితే తప్పు ఒప్పుకోవడానికి భయపడే ప్రతి మనిషికీ తిప్పేస్వామి అన్న ఈ మాట చెప్పేవాణ్ణి. అది ఏ పాలసీలోనూ అచ్చువేసి లేదు.