సైదమ్మ పడ్డ మీద వాలని గోరింకలు

తోడికోడలు యాదమ్మ చీర చూసి సైదమ్మ ఏనాడూ కుళ్ళుకోలేదు. ఆ చీరలో కుళ్ళుకునేంత ఏమీ లేదు కూడా. ఆమె కుళ్ళంతా యాదమ్మ బర్రె వీపు మీద వాలే గోరింకలను చూసి.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు నడిగూడెం పక్క పల్లెలో అన్నదమ్ములిద్దరూ వేరుపడ్డారు. ఇంటి నడుమ గోడ లేచింది. ఒక తల్లి కడుపునే పుట్టిన, ఇంకా ఈనని రెండు బర్రె పడ్డల్లో ఒకటి పెద్దవాడు వెంకటనర్సయ్యకు, ఒకటి చిన్నవాడు కొమురయ్యకు. పెద్దకోడలినని సైదమ్మే ముందు ఏరుకుంది. నిగనిగలాడేదాన్నే ఏరుకుంది. ఏరుకున్న మూడోనాటి నుంచే రెండోది మంచిదేమోనన్న అనుమానం పట్టుకుంది.

నిగనిగలాడేదానికి దిష్టి తగలదా? మెడలో నల్లతాడు కట్టింది. కొట్టం గుమ్మానికి పాత చెప్పు వేలాడదీసింది. అదీ చాలదని పడ్డను బయటికి విడవడమే మానేసింది. చొప్ప కొట్టంలోకే, కుడితి కొట్టంలోకే. కాకి వచ్చి వీపు మీద వాలితే శనిదేవుడే దిగినట్టు కర్ర పట్టుకుని ఉరికేది. యాదమ్మకు దిష్టి తీసే తీరిక లేదు. పొద్దు పొడవగానే తన పడ్డను కుంట వైపు తోలేది.

దున్నపోతుకు చూపిన ఒక్కనాడు తప్ప సైదమ్మ పడ్డ గడప దాటలేదు. రెండూ చూడి కట్టాయి. ఆరో నెల దాటేసరికి సైదమ్మ పడ్డకు చెవుల వెనక, తోక కింద, పొదుగు మొదట్లో పిడుదులు చిక్కుడు గింజల్లా పట్టేశాయి. నెత్తురు తాగి అవి బలిశాయి, పడ్డ ఎండింది. వెంకటనర్సయ్య వేపనూనె రాసి, ఒక్కొక్కటే గిల్లి పారేసేవాడు. తెల్లారేసరికి మళ్ళీ అన్నీ ఉండేవి.

"గిట్లనే ఉంటే దూడ కడుపులనే సస్తదే. జర బయటికి ఇడువు," అన్నాడు.

"ఇడుస్త, ఇడుస్త! బొక్కలు తేలినదాన్ని సూసి నీ తమ్ముని పెండ్లం మురువాలె."

ఆ తమ్ముని పెండ్లం పడ్డ మాత్రం కుంట గట్టున ఏనుగు గున్నలా మేసేది. దాని వెనక తెల్లకొంగలు పెండ్లికొడుకు వెంట చుట్టాల్లా నడిచేవి. వీపు మీద నాలుగు గోరింకలు. ఒకటి చెవిలో తల దూర్చి పొడిచి తింటుంటే, అది మంగలి ముందు కూర్చున్న పెద్దమనిషిలా చెవి వాల్చి పట్టేది. తడక సందులోంచి చూసి చూసి సైదమ్మ కళ్ళు మండాయి. యాది ఏదో మందు పెట్టి పిట్టలను వశం చేసుకుంది, ఇంకేముంది!

సరే, పిట్టలకు ఆశ చూపడం తనకు రాదా? పడ్డను వాకిట్లోకి లాగి, వీపు మీద రెండు పిడికిళ్ళ జొన్నలు చల్లింది. గోరింకలు వచ్చాయి. సైదమ్మ గుండె పొంగింది. అవి గింజ మిగల్చకుండా తిన్నాయి, పడ్డ వీపుకే ముక్కులు తుడుచుకున్నాయి, తిరిగి యాదమ్మ బర్రె మీదికి ఎగిరిపోయాయి. ఒక్క పిడుదును ముట్టలేదు. మూడు రోజులు ఇదే వరస. నాలుగోనాడు జొన్నలు ఆలస్యమయ్యాయని తడక మీద కూర్చుని సైదమ్మనే అరిచాయి.

గోడ మీదుగా యాదమ్మ తల లేచింది. "అక్కా, పిట్టలను కూలికి పెట్టుకున్నవా ఏంది?"

"నా జొన్నలు, నా ఇష్టం. నీకేంది నొప్పి?"

"నాకేం నొప్పి! కడుపు నిండినంక ఆటికి పిడుదెందుకక్కా?"

"మరి నువ్వేం మందు వెట్టినవ్? సెప్పు!"

"మందా? నా బర్రె గడ్డిల నడుస్తే మిడతలు లేస్తయి. ఆటికోసం కొంగలు, గోరింకలు దిగుతయి. గోరింకలు అట్లనే ఈపెక్కి పిడుదులు ఏరుకుంటయి. ఎండెక్కితే అది కుంటల వడి బురద పూసుకుంటది. నేను తాడిప్పుత, గంతే. నీదాన్ని గూడ తోలుకపోదునా?"

"నా బర్రెను తోలేటందుకు నువ్వెందుకు? మాకు కాళ్ళు లేవా?" అని సైదమ్మ పడ్డను మళ్ళీ కొట్టంలోకి లాక్కుపోయింది. రెండూ పక్కపక్కన నడిస్తే ఊరు ఊరంతా పోల్చి చూడదూ?

తెల్లారి పడ్డ లేవబోయి మోకాళ్ళ మీద కూలబడింది. మొగుడూ పెళ్ళాం కలిసి లేపారు. సైదమ్మ చేయి మెడ తాడుకు తగిలింది. తను బిగించి కట్టిన తాడు. ఇప్పుడు దాని సందున పిడికిలి పడుతోంది. పలుపు విప్పింది. కొంగు ముఖం మీదికి లాక్కుని, యాదమ్మ బర్రెకు పది అడుగుల వెనక తనే తోలుకుపోయింది.

మూడోనాడు ఒక గోరింక యాదమ్మ బర్రె మీదినుంచి ఎగిరి సైదమ్మ పడ్డ మీద వాలింది. చెవిలో తల దూర్చింది.

"యాదీ! నీ గోరింక నా కాడికి వచ్చింది, సూడవే!"

"రానియ్యక్కా. నాదాని మీద తినేటందుకు ఏం మిగల్లె."

సైదమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిట్ట కూడా ఎంగిలిదేనా! అయినా రోజూ గట్టున నిలబడి లెక్కపెట్టేది. యాదిదాని మీద రెండు, తనదాని మీద ఏడు. ఆ వారమంతా ఊళ్ళో తల ఎత్తుకు తిరిగింది. ఆపైన ఏడు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. యాదే మళ్ళీ మళ్ళించుకుందని తిట్టుకుంటూ పడ్డ చెవి ఎత్తి చూసింది. చెవి వెనక శుభ్రంగా, నున్నగా ఉంది.

నెలలు నిండాక పడ్డ ఈనింది. దూడ రెండుసార్లు పడి, మూడోసారికి లేచి నిలబడి తల్లి పొదుగు వెతుక్కుంది. మర్నాడు సైదమ్మ గోడ మీదుగా జున్నుపాల గిన్నె అందించింది.

"నిండ పోసినవ్, ఏంది కత అక్కా?" అంది యాదమ్మ.

"గిన్నె గురుతు పెట్టుకో. నీది ఈనినంక గదే గిన్నె రావాలె. ఏలెడు తగ్గినా ఊకోను."