నోర్మండ్ మరిచిపోయిన మాట

రెండో అంకం నడుస్తోంది. తెర పక్క చీకట్లో చిన్న దీపం పెట్టుకుని, ఒళ్లో నాటకం ప్రతితో ఐడెల్లా థిబోడో కూర్చుంది.  వేదిక మీద తండ్రి వేషంలో ఉన్న ఆమె మొగుడు నోర్మండ్ కాసేపట్లో నాటకంలోని కూతురితో పడవ అమ్మేసిన సంగతి చెప్పాలి. పొద్దున వంటింట్లో ఎన్నిసార్లు చెప్పించినా ఆ ముక్క అతనికి గుర్తు నిలవలేదు.

మతిమరుపు జబ్బని డాక్టరు మొన్న చలికాలంలోనే తేల్చేశాడు. ఊళ్లో తెలిస్తే జాలిపడి పక్కన కూర్చోబెడతారని, ఈ ఒక్క నాటకం ఆడనిమ్మని నోర్మండ్ బతిమాలాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. కడుపులో నిప్పు పెట్టుకుని తిరిగింది.

ఆ నాటకశాల ఒకప్పుడు దాణా కొట్టు. అక్కడ ఎవరికీ జీతాల్లేవు. పళ్ల డాక్టరు మురే నాటకం నేర్పుతాడు, ఇనుప సామాన్ల కొట్టు రోవీనా నాయిక వేషం కడుతుంది. బయటి ఊరివాళ్లు కాలక్షేపమంటారు. అననీ, వాళ్లకేం తెలుసు! కొన్నేళ్ల కిందట, తాను పనిచేసే కాగితం మిల్లు మూతపడ్డ ఏడాది నోర్మండ్ నోరు కూడా మూతపడింది. చలికాలమంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వేదికకి చెక్కలు మొయ్యడానికి మనిషి కావాలని మురే వచ్చి లాక్కెళ్లాడు. నాలుగు రోజులకి రెండు ముక్కల నౌకరు వేషమిచ్చాడు. ఇంటికొచ్చి నోర్మండ్ ఆ రెండు ముక్కలూ పెళ్లానికి అప్పజెప్పాడు. ఐడెల్లా వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తర్వాతే ఆమె మాటలందించే కుర్చీలో చేరింది.

అక్కడొక కట్టుబాటుంది. మాట మరిచినవాడు చొక్కా పైగుండీ ముట్టుకోవాలి. అంతదాకా మాటలందించే మనిషి నోరెత్తకూడదు. నోర్మండ్ కావాలనే మాట మధ్యలో ఆగడం ఊరంతా మెచ్చుకునే విద్య. ఒకసారి ఆమె తొందరపడి అందిస్తే వారం రోజులు మూతి ముడుచుకు తిరిగాడు.

ఇప్పుడూ ఆగాడు.

జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. చెయ్యి గుండీ వైపు కదల్లేదు. ఆ సైగ కూడా మరిచిపోయాడని ఐడెల్లాకి అప్పుడు తెలిసింది. అతను తెర పక్కకి తిరిగి, ముఖం తెలియని మనిషిని చూసినట్టు ఆమెను చూశాడు. అందిద్దామని ఆమె నోరు తెరిచింది. కానీ అతని ముఖమే చూస్తూ ఉండిపోయింది.

"పడవ అమ్మేశావు కదూ నాన్నా?" అంది కూతురి వేషంలో ఉన్న రోవీనా.

ప్రతిలో ఆ మాట లేదు.

"అమ్మేశాను," అన్నాడు నోర్మండ్. అతని ముఖం తేటపడింది.

"చెప్పడానికి ధైర్యం చాల్లేదంటావు," అన్నాడు పొరుగువాడి వేషంలో ఉన్న మురే.

"చాల్లేదు."

అతను తడబడ్డ ప్రతిచోటా ఎవరో ఒకరు అతని మాటని ప్రశ్న చేసి చేతికిచ్చారు. ఐడెల్లా పేజీలు తిప్పుతూ వింది. తమ మాటలతో పాటు అందరూ నోర్మండ్ మాటలూ వల్లె వేసుకున్నారు. ఒక్క రోజులో అయ్యే పని కాదు. ముందు ఆమెకు ఒళ్లు మండింది. తాను ఇన్నాళ్లూ గుట్టుగా దాచిందంతా వీళ్లు చూస్తూనే ఉన్నారన్నమాట.

తెర పడ్డాక, వేషాలు మార్చుకునే గదిలో రోవీనా జడపిన్నులు తీసుకుంటోంది. ఐడెల్లా తిన్నగా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రిహార్సల్‌ నుంచే. నువ్వే చెప్తావని చూశాం."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే మానెయ్. రేపూ ఆడతాం, ఎల్లుండీ ఆడతాం. అతని మాటలు మా దగ్గరున్నాయిగా."

ఐడెల్లా బల్ల మీద కూలబడింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. డాక్టరు ముందు కూడా అనలేని మాట నోట్లోంచి వచ్చేసింది.

"నిన్న పొద్దున నన్ను చూసి నువ్వెవరని అడిగాడు, రోవీనా."

రోవీనా పిన్నులు పక్కన పెట్టి, తలుపు వేసి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.