రూతక్క సంతకం

మొన్న మధ్యాహ్నం సంగారెడ్డిలోని నా ఎలక్ట్రికల్ దుకాణంలో, రిపేరుకు వచ్చిన పాత స్టెబిలైజర్ ఒకటి బల్ల మీదే టప్పుమంది. మా మెకానిక్ ఉలిక్కిపడి వైరు పీకేశాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. లేచే ఓపిక ఈ మధ్య తగ్గింది, అది వేరే సంగతి. కాలిన కాగితం, కాగిన నూనె, ఎండు చేపల గంప పక్కనుంచి పోయినట్టు కాస్త నీచు, అన్నీ కలిసిన వెచ్చని వాసన దుకాణమంతా పరుచుకుంది. కెపాసిటర్ పేలితే వచ్చే వాసన అది. ఆ వాసన వస్తే నాకు రూతక్క గుర్తొస్తుంది. తన చేతి మీదుగా పోయిన సరుకు నుంచి ఆ వాసన ఎన్నడూ రాకూడదని పంతం పట్టిన మనిషి, చివరికి ఆ వాసనతోనే గుర్తుకు రావడం అన్యాయమే. ఆ అన్యాయంలో నా వాటా ఎంతో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది సంగారెడ్డి బజారులో కిరాణా. బేరం నాకు ఎవరూ నేర్పలేదు, ఇంట్లో గాలితో పాటు పీల్చాను. చెప్పుల దుకాణంలో ఎడమ చెప్పు కొంచెం గీసుకుపోయిందని దానికి వేరే ధర అడిగిన ఘనుణ్ణి. ఎనభైల చివర్లో, ముగ్గురన్నదమ్ములకు ఒక గల్లా చాలదని తేలాక, పటాన్‌చెరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో కొనుగోళ్ళ గుమాస్తాగా చేరాను. టీవీల్లో వేసే కెపాసిటర్లు చేసేవాళ్ళం. చూడడానికి నీలం తొడుగు వేసిన చిన్న డబ్బీ, లోపల మాత్రం పెద్ద సంసారం. ఉల్లిపొర లాంటి అల్యూమినియం రేకు మీద కంటికి కనబడని ఒక పొర పెంచి ఉంటుంది. ఆ పొరే అసలు సరుకు, తక్కినదంతా దాన్ని కాపాడే ఏర్పాటు. రెండు రేకుల మధ్య కాగితం పెట్టి, బీడీలా చుట్టి, ఒక ద్రవంలో నానబెట్టి, డబ్బీలోకి దించి రబ్బరు బిరడా బిగిస్తారు. రేకును కోసినచోట పొర చిట్లి ఉంటుంది కాబట్టి చివర్లో కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ గంటల తరబడి ఉంచుతారు. లోపలి ద్రవం సాయంతో చిట్లినచోట మళ్ళీ పొర కడుతుంది. తొందరపడి ఒక్కసారిగా కరెంటు ఎక్కిస్తే అంతా పాడవుతుంది. రేకు చుట్టే గదికీ, ఈ కరెంటు పెట్టే గదికీ కలిపి సూపర్‌వైజర్ రూతమ్మ. ఊరు లక్డారం. తండ్రి చర్చి వాళ్ళ బడిలో పంతులు. అప్పటికే ఆమెకు నలభై ఉంటాయి. మెడలోని సన్నని శిలువ గొలుసును కూడా రేకుకు తగులుతుందని రవిక లోపలికి తోసుకునేది. అందరికీ రూతక్క.

చేరిన మూడో రోజున ఆమె గదిలోకి పోయి రేకు చుట్ట మీదికి చెయ్యి చాపాను. సరుకును వేళ్ళ మధ్య నలిపి చూడందే మావాళ్ళకు తృప్తి ఉండదు.

“చెయ్యి తియ్,” అంది రూతక్క.

“ముట్టి సూడకుంటె మంచిదో చెడ్డదో ఎట్ల తెలుస్తదక్కా?”

“నువ్వు ముట్టినంక ఇగ చెడ్డదే గద.”

అంతటితో వదల్లేదు. ఒక రేకు ముక్క ఇచ్చి బొటనవేలు గట్టిగా అద్దమంది. దాని మూలన నా పేరు రాసి, అడుగున కాస్త తడి ఉన్న గాజు సీసాలో వేలాడదీసి మూత పెట్టింది. ఆ గదిలో చేరే ప్రతి మనిషికీ ఆమె పెట్టే పరీక్ష అది. ఒక్కొక్కరి చెమటలో ఉప్పు ఒక్కోలా ఉంటుంది. మర్నాడు పొద్దున సీసాలోంచి తీస్తే కొందరి వేలిముద్ర కనబడీ కనబడకుండా ఉండేది, కొందరిది బూడిదరంగు తేలేది. నాది నల్లగా, రేషన్ కార్డు మీద పెట్టినట్టు అచ్చుపడింది. దాన్ని గోడ మీది బోర్డుకు గుచ్చి, గదిలోని ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించింది.

“నీ చేతిల ఉప్పు బాగున్నది సేటు. మీ ఇంట్ల కూరకు ఏరే కొనుడు దండుగ.”

సేటు అన్న పేరు ఆ రోజే నాకు స్థిరపడింది. నేనూ నవ్వాను గానీ, లోపల గీరుకుపోయింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. “గింతంత ఉప్పు సాలు, లోపట కూసొని పొరను తింటది. ఇయ్యాల తెల్వది, రేపు తెల్వది. టీవీ ఎవని ఇంట్లనో ఉన్నప్పుడు తెలుస్తది. అప్పుడు నువ్వుంటవా, నేనుంటనా జవాబు చెప్పెతందుకు?” బజారులో సరుకు చెయ్యి మారితే మా బాధ్యత తీరిపోయేది. చెయ్యి మారాకే బాధ్యత మొదలవుతుందని నాతో అన్న మొదటి మనిషి ఆమె.

ఆ గదిలో వెలిమెల నుంచి వచ్చే యాదమ్మ ఉండేది. ఇద్దరు చిన్నపిల్లలు, మంచం పట్టిన మగడు, ఇంటికి ఆ జీతమే ఆధారం. ఆమె అరచేతులు కూడా చెమర్చేవి, పరీక్షలో నా వెనకాలే నిలిచింది. మేనేజర్ వద్దన్నాడు. రూతక్క మాత్రం ఆమె చుట్టిన చుట్ట ఒకటి తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టింది. “సూడుండ్రి సార్, ఎంత బిగువుగ, ఎంత సమానంగ ఉన్నదో. చెమటకైతె బట్ట తొడుగులున్నయ్. ఈ చెయ్యి యాడ దొరుకుతది?” యాదమ్మ అట్లా నిలబడింది. గంటగంటకూ చేతులు కడుక్కుని, పది వేళ్ళకూ తెల్లబట్ట తొడుగులు వేసుకుని పనిచేసేది.

ఇక నా ఘనకార్యం. లోపలి ద్రవం కాచడానికీ, కోసిన రేకు కడగడానికీ వట్టి స్వచ్ఛమైన నీళ్ళు కావాలి. మా బోరు నీళ్ళు రంగు తేలేవి. వాటిని ఆవిరి పట్టే మా యంత్రం గారకట్టి చెడిపోయింది. బాగుచేసేదాకా బయట కొనమన్నారు. బొంబాయి రోడ్డు మీద బ్యాటరీ నీళ్ళు అమ్మే ఒకతన్ని పట్టాను. నేను అడిగిన ధరకు మూడో మాటకే ఒప్పుకున్నాడు. అక్కడే నాకు తెలియాల్సింది. ధర తగ్గించమని పీడించేవాడికి మా నాయన కూడా నవ్వుతూ తగ్గించేవాడు. లోపలికి పోయి వేరే బస్తా విప్పేవాడు. ఆ విద్య నాకు తెలిసీ ఎందుకు తట్టలేదంటే, లోకంలో అందరూ కల్తీకి కలిపేది నీళ్ళే కదా, నీళ్ళలో ఇంకేం కలుపుతారు అనుకున్నాను.

కొత్త సరుకు వస్తే రూతక్క ఒక సీసాడు నీళ్ళు తెప్పించుకుని అందులో వెండి ఉప్పు మందు నాలుగు చుక్కలు వేసేది. నీళ్ళు తేటగా ఉంటే నోటుబుక్కులో సంతకం. ఉప్పు ఉండి తెల్లగా విరిగితే క్యాన్లు వాపసు. ఆమె చేతిలో సగం క్యాన్లు వాపసు పోయేవి, మాట పడేది నేను. నా గొప్ప బేరం కూడా అట్లా తిరిగిపోకూడదనుకున్నాను. స్టోరులో, ఆమె పరీక్షలో నెగ్గిన పాత నీళ్ళ క్యాను ఒకదాంట్లో అడుగున కాస్త మిగిలి ఉంది. సీసా అందులోంచి నింపి తీసుకుపోయాను. బస్తా మూతి దగ్గర మంచి కందిపప్పు పోసి చూపించినట్టే. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చూసిన పనే. ఆమె చుక్కలు వేసింది, తేటగా ఉంది, సంతకం పెట్టింది. “మంచిగ తెచ్చినవ్ సేటు,” అని మెచ్చుకుంది కూడా.

రెండు నెలలకు టీవీల కంపెనీ నుంచి అట్టపెట్టెలు వెనక్కి వచ్చాయి. డబ్బీల నెత్తులు ఉబ్బి ఉన్నాయి. మేనేజర్ కొన్ని విప్పించి చూసి, రేకును ఉప్పు తినేసిందన్నాడు. బోర్డు మీద నల్లటి ముద్ర ఎవరిదని చూశాడు. నా ముద్ర పక్కనే యాదమ్మది. రేకు చుట్టేది నేను కాదు కదా. మర్నాడు పొద్దున్నే ఆమె లెక్క తేల్చి పంపించెయ్యమన్నాడు. యాదమ్మ మిషన్ ముందు కూర్చుని, తొడుగులు తీసి తన అరచేతులకేసి అదేపనిగా చూసుకోవడం నేను చూశాను. ఇవి నావేనా అన్నట్టు చూసింది.

రూతక్క నమ్మలేదు. యాదమ్మ చుట్టనివి కూడా ఉబ్బాయి కదా అని ఒక్కొక్కటే వెతుక్కుంటూ వచ్చింది. రేకు, కాగితం, రబ్బరు. సాయంత్రానికి నన్ను స్టోరుకు పిలిచింది. రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో పాత క్యాను అడుగు నీళ్ళు, ఇంకోదాంట్లో నా కొత్త క్యాను నీళ్ళు, రెండూ తానే పట్టింది. చుక్కలు వేసింది. ఒకటి తేటగానే ఉంది. ఇంకోటి మజ్జిగ తేటలా తెల్లబడింది.

“నువ్వు తెచ్చిన సీసల గిట్ల లేకుండె,” అంది.

ఆమె నా ముఖంలో చదవాల్సింది చదువుకుంది.

“పోయి సారుకు చెప్పు. పొద్దుగాల యాదమ్మను పంపిస్తున్రు.”

“మొత్తం చెప్పాల్నా అక్కా? నీళ్ళోడు మోసం జేసిండంటే సాలదా? యాదమ్మ పని నిలవడ్తది గద.”

“గిది బేరమాడే జాగ కాదు సేటు.”

వెళ్ళాను. రెండు గ్లాసులూ పట్టుకుని మేనేజర్ గదిలోకి వెళ్ళి, సగమే చెప్పాను. నీళ్ళవాడు ముంచాడు సార్, ఇందులో యాదమ్మ తప్పేం లేదు అని. అబద్ధం ఒక్కటీ లేదు అందులో. అదే నా నేర్పు. ఆయన నోటుబుక్కు తెప్పించాడు, రూతక్కను పిలిపించాడు.

“ఏమ్మా, ఈ సంతకం మీదేనా?”

“నాదే సార్.”

“టెస్టు చేసే పెట్టారా, చూడకుండా గీకేశారా?”

ఆమె నాకేసి చూసింది. ఎక్కువసేపు కాదు. గుక్కెడు నీళ్ళు మింగేంతసేపు. నేను పైన తిరుగుతున్న ఫ్యానును చూశాను.

“క్యాను కాడికి నేనే పోయి పట్టుకోవాలె సార్. పోలె. సంతకం నాదే, తప్పు గూడ నాదే.”

యాదమ్మ పని నిలబడింది. రూతక్కను ఆ రెండు గదుల్లోంచీ తీసి ప్యాకింగులో వేశారు. పద్నాలుగేళ్ళుగా మీటరు మీది సన్నని ముల్లు కదలికను చూసి పొర కట్టిందో లేదో చెప్పిన మనిషి, అట్టపెట్టెలకు టేపు అంటించింది. ఫ్యాక్టరీలో మాట ఇంకోలా పాకింది. రూతక్క పరీక్ష చెయ్యకుండానే సంతకం పెట్టిందట, తన తప్పు యాదమ్మ మీదికి తొయ్యబోయిందట, సేటు సార్ అడ్డుపడి కాపాడాడట. యాదమ్మ నాకు రెండు చేతులా దండం పెట్టింది. క్యాంటీన్‌లో తన టిఫిన్ డబ్బా తీసుకుని రూతక్క కూర్చున్న బెంచీ నుంచి లేచి పోయింది. ఆ తర్వాత ఎన్నడూ ఆమెతో మాట్లాడలేదు. నేను అన్నీ చూస్తూ అన్నం తిన్నాను.

తర్వాత బయటి దేశాల డబ్బీలు మాకంటే అగ్గువకు దిగాయి. నాలాంటి బేరగాళ్ళు ఇంకెక్కడో నాకంటే గట్టివాళ్ళు ఉన్నారన్నమాట. ఫ్యాక్టరీ మూతపడింది. నేను దుకాణం పెట్టుకున్నాను. కొన్నేళ్ళకు ఒక ఆదివారం లక్డారం వెళ్ళాను. రూతక్క ఇంటి ముందు చాట వేసుకుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి, “ఏం సేటు, బియ్యం ముట్టకు, ఉప్పగైతయ్,” అంది. పక్కన కూర్చుని, పాత క్యాను సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆ రోజు తానే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నువ్వు చెప్తవని సూసిన. ఆ దినం సూసిన, తెల్లారి సూసిన. ఆ ఎన్క ప్యాకింగ్‌ల పని ఎక్కువైంది, సూసుడు బంద్ జేసిన.”

“ఇప్పుడు చెప్పిన గదక్కా.”

ఆమె ఏరడం ఆపి నవ్వింది. కోపం లేదు ఆ నవ్వులో. బాగా అలిసిపోయిన మనిషి నవ్వు. “నాకు తెలిసిందే నాకు చెప్తున్నవ్. ఎంత అగ్గువ దుకాణం సూసుకొని వచ్చినవ్ సేటు! పోయి యాదమ్మకు చెప్పు.”

వెళ్ళలేదు. దుకాణం, పెళ్ళిళ్ళు, మోకాళ్ళ నొప్పి, సాకులకు ఏం కరువు. ఆమె నేర్పింది మాత్రం చేస్తూనే వచ్చాను. సరుకు వస్తే శాంపిల్ నేనే పోయి అడుగు నుంచి తీస్తాను. మూడో మాటకే తగ్గినవాడి దగ్గర కొనను. ఇదంతా చూసి బజారులో నన్ను నిక్కచ్చి మనిషి అంటారు. అట్లా అన్నప్పుడల్లా నేను ఫ్యానుకేసి చూస్తాను.

నిరుడు రూతక్క పోయింది. లక్డారం చర్చి వెనకాల ఆమెను మట్టిలో పెట్టిన రోజు పాత ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చారు. యాదమ్మ రాలేదు. వారం తిరక్కుండా అమీన్‌పూర్ వెళ్ళాను. కొత్త అపార్ట్‌మెంట్ల ముందు యాదమ్మ టిఫిన్ బండి పెట్టుకుంది. “సేటు సార్!” అని ముఖమంతా నవ్వయింది. స్టూలు తుడిచి వేసింది. కూర్చోకుండానే చెప్పాను. ఈసారి సగం కాదు. సీసా, పాత క్యాను, ఫ్యాను, అన్నీ.

పెనం మీద దోశ మాడింది. దాన్ని గీకి పక్కన పడేసింది.

“అక్క పోయిందని మనిషి వచ్చి చెప్పిండు సార్. మట్టికి రా అన్నడు.” పెనం మీద నీళ్ళు చల్లుతూ అంది. “నేను పోలె.”

ఇంకేదో చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. “ఇగ పోండ్రి సార్. గిరాకీ వస్తున్నరు.”

చెప్తే బరువు తగ్గుతుందనుకుని ఇన్నేళ్ళకు అక్కడిదాకా మోసుకెళ్ళాను. తగ్గలేదు. ఇప్పుడు ఇద్దరం మోస్తున్నాం.