బీరువాలోని బిళ్ళ

తెనాలిలో మా కుక్కకు లైసెన్సు తీసుకున్నప్పుడు మెడకు కట్టమని ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చారు. నేను దానిని ధ్రువపత్రాలతోపాటు బీరువాలో భద్రపరిచాను. అసలు పత్రం ఇంట్లో ఉంచి నకలు వెంట తీసుకెళ్ళాలని జీవితమంతా విద్యార్థులకు బోధించినవాణ్ణి. ఈ బిళ్ళకు నకలు లేదన్న సంగతి నాకు తట్టలేదు.

ఒక ఉదయం గేటు తెరిచి ఉండడంతో కుక్క వీధిలోకి వెళ్ళింది. వీధికుక్కలను పట్టే బండివాళ్ళు దానినీ ఎక్కించుకుపోయారు. బిళ్ళ తీసుకుని నేను వారి కార్యాలయానికి చేరేసరికి, వేమూరు దగ్గర అది బండిలోంచి దూకి పారిపోయిందన్నారు.

"ఇది మెడలో ఉంటే అసలు ముట్టుకునేవాళ్ళమే కాదండి. బీరువాలో దాస్తే మాకెట్టా తెలుస్తది మాస్టారూ?" అన్నాడు డ్రైవరు.

వారం రోజులు వేమూరు కాలువ గట్ల మీద దానిని పిలుస్తూ తిరిగాను. నా భార్య పూటపూటా పెరుగన్నం గిన్నె గేటు దగ్గర పెట్టి లోపలికి వచ్చేది.

గడువు తీరిన రోజున వెళ్ళి లైసెన్సును పొడిగించుకున్నాను. అది తిరిగి వస్తే, ఎవరూ దానిని ఊరకుక్క అనకూడదు.