ఇంజన్‌కు పెట్టిన చలిమిడి

మా అత్తగారు ఈ నెల మొదట్లో, మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తీస్తూ అలాగే వెళ్ళిపోయారు. డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాక నేను మొదట ఫోను చేసింది మా ఆయన ఆఫీసుకు కాదు, చిక్కడపల్లిలో కారు షెడ్డుకు. అత్తగారి విషయంలో ఏ ఇబ్బంది వచ్చినా ఆ నంబరు తిప్పడం చేతికి అలవాటైపోయింది కాబోలు. షెడ్డు నడిపే ఉస్తాద్ వెంటనే వచ్చాడు. చెప్పులు విడిచి, ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టి, బయటికి వెళ్ళి మా అంబాసిడర్ బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్ళు పోశాడు. ఆ కారు ఆ రోజు ఎక్కడికీ వెళ్ళేది లేదని ఆయనకూ తెలుసు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు పూజలూ దానాలూ చెప్పడం మర్యాద. మా అత్తగారి గురించి చెప్పాలంటే నేను ఇంజన్ గురించి చెప్పాలి. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

మామగారు పోతూ అశోక్ నగర్‌లో ఈ ఇల్లూ, పోర్టికోలో ఈ కారూ వదిలి వెళ్ళారు. అత్తగారి వాళ్ళది ఏలూరు వైపు. ఆఫీసు ఉద్యోగాలతో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను చిక్కడపల్లి పిల్లను. నా నోట 'గట్ల' అని వస్తే మొదట్లో ఆవిడ కనుబొమలు లేచేవి, ఆవిడ పులుసులో బెల్లం వేస్తే నావి లేచేవి. ఇంట్లో ఎవరికీ డ్రైవింగ్ రాదు కనుక కారు అమ్మేద్దామని మా ఆయన అన్నప్పుడు ఆవిడ ఒకటే అడిగారు, "మీ నాన్న పోయారని కారు కూడా పోవాలా?" మరుసటి వారం నన్ను డ్రైవింగ్ స్కూల్లో చేర్పించారు. మెట్టినింట్లో నాకు దక్కిన మొదటి గౌరవం అదే. వీధిలో ఆడవాళ్ళు కిటికీల్లోంచి చూస్తుంటే గేరు మార్చడంలో ఉన్న సుఖం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఆవిడకో అలవాటు ఉండేది. దేన్నయినా బొటనవేలితో నొక్కి చూడనిదే నమ్మేవారు కాదు. మామిడిపండు, వంకాయ, కొత్త పరుపు, జ్వరం వచ్చిన మనవడి పాదం, అన్నీ నొక్కాల్సిందే. నారాయణగూడ మార్కెట్లో కూరగాయలవాళ్ళు ఆవిడ వస్తుంటేనే టొమాటోల మీద గోనె కప్పేవారు. "నొక్కితే వస్తువు తన గుణం చెప్పేస్తుందే అమ్మాయ్" అనేవారు.

ఆవిడ అక్కగారు నల్లకుంటలో ఒక మేడ మీద ఉంటారు. చాలా ఏళ్ళ కిందటే ఆవిడకు కాళ్ళలో సత్తువ పోయింది, బాల్కనీలో మంచం మీదే మధ్యాహ్నాలన్నీ. మా అత్తగారు స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాక మెట్లెక్కలేకపోయారు. ఆటో కుదుపులు అసలే పడవు. ఒకసారి పట్టుబట్టి ఎక్కి, వారం రోజులు మంచం దిగలేదు. అంబాసిడర్ ముందు సీటు ఒక్కటే ఆవిడకు సరిపోయేది. అందుకని రోజూ మధ్యాహ్నం కాగానే నేను ఆవిడను తీసుకెళ్ళి ఆ మేడ కింద కారు ఆపేదాన్ని. కారు చప్పుడు సందు మొదట్లో వినపడగానే పైనుంచి తాడు కట్టిన బుట్ట దిగేది. అత్తగారు అందులో కారప్పొడో జాజిపూలో పెట్టేవారు. తర్వాత కింద ఒకరు, పైన ఒకరు, సందంతా వినేట్టు కబుర్లు. అక్కడ దాపరికం అనే మాటకు చోటు లేదు. ఏ కోడలు ఏం చేసిందో, నేను చేసినవాటితో సహా, ఎదురింటివాళ్ళకు కూడా తెలిసేది.

ఒక వేసవిలో నారాయణగూడ చౌరస్తా దగ్గర బానెట్ కింద నుంచి ఆవిరి లేచి కారు ఆగిపోయింది. ఇంజన్‌కు కింద మొండెంలా ఉండేది బ్లాకు, దాని మీద మూతలా బిగించేది హెడ్డు. మా హెడ్డు నిలువునా పగిలింది. ఉస్తాద్ ఊరంతా వెతికినా సరైనది దొరకలేదు. చివరికి దోమలగూడలో పాతసామాన్లలో పడి ఉన్న ఇంకో కారుది పట్టుకొచ్చాడు. అదీ అదే వంశపు ఇంజనే కానీ వయసులో పెద్దది, ఒంట్లో చిన్నది.

"అమ్మ, గిది మీ బండిది గాదు. కానీ కూసోవెట్టొచ్చు. జర టైమ్ వడ్తది" అన్నాడు.

"కూర్చోబెట్టండి మేస్త్రీ గారూ. మా అక్క బుట్ట దింపి చూసుకుంటోందట" అన్నారు అత్తగారు. ఊరంతా ఉస్తాద్ అనే మనిషి ఆవిడ ఒక్కరికే మేస్త్రీ గారు.

నిజంగానే కబురు వచ్చింది. చెల్లెలు రాదని ఎంత చెప్పినా అక్కగారు ఆ వేళకు బుట్ట దింపుతున్నారు, ఖాళీగా పైకి లాక్కుంటున్నారు, మధ్యాహ్నం అన్నం ముట్టడం లేదు. అది విన్నాక మా ఇంట్లో ఈవిడకు కూడా అన్నం సహించలేదు.

పని మా పోర్టికోలోనే జరిగింది. అత్తగారు పేము కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. రెండింటిలో నీళ్ళు పారే కంతలు ఒకదానికొకటి ఎదురు రాలేదు. ఉస్తాద్ కొన్ని పూడ్చాడు, కొన్ని కొత్తవి తొలిచాడు. అసలు భయం వేరే ఉంది. హెడ్డు చిన్నది కనుక అందులోని వాల్వులు కిందికి దిగినప్పుడు పైకొచ్చే పిస్టన్‌కు తగిలితే ఇంజన్ పాడైపోతుంది. మధ్యలో ఎంత సందు ఉందో చూడ్డానికి ఒక పద్ధతి ఉంది. పిస్టన్ మీద మెత్తటి ముద్ద పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో ఇంజన్‌ను తిప్పి, మళ్ళీ విప్పి ముద్ద ఎంత నలిగిందో చూస్తారు. ఉస్తాద్ ఎప్పుడూ పిల్లలు ఆడుకునే బంకమట్టి వాడతాడు. ఆ రోజు అది లేకపోతే నేను వంటింట్లోంచి చపాతీ పిండి తెచ్చి ఇచ్చాను. ముద్ద నలిగింది కానీ బాగానే మందంగా మిగిలింది. అందరం సంతోషించాం.

అంతా బిగించి స్టార్ట్ చేస్తే లోపల టకటకమని చప్పుడు. ఉస్తాద్ ముఖం పాలిపోయింది. వెంటనే ఆపి విప్పాడు. పిస్టన్ నెత్తిన నెలవంకలా మెరిసే గీత పడి ఉంది. వాల్వు వంగలేదు, అదే మా అదృష్టం. "పిండి మీద సందు కనవడ్డదిగా. గిట్ల ఎన్నడు గాలె" అని ఆయన తల పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. ఈ హెడ్డు పనికిరాదు, తీసుకుపోతానన్నాడు.

అత్తగారు ఆ ముద్దను అడిగి తీసుకున్నారు. బొటనవేలితో నొక్కారు. వేలు తీశాక గుంట మెల్లగా పైకి లేచింది.

"ఇది నొక్కితే ఊరుకునే రకం కాదు మేస్త్రీ గారూ. చపాతీ వత్తితే వెనక్కి ముడుచుకోదూ? మీరు విప్పేలోపు ఇది లేచి కూర్చుంది. బియ్యప్పిండైతే ఎలా నొక్కితే అలా పడుంటుంది" అన్నారు.

అక్కడున్న ముగ్గురం, పిండితో రోజూ సావాసం చేసే నేనూ, ఇంజన్లతో ఏళ్ళు గడిపిన ఆయనా, నొక్కనిదే నమ్మని ఆవిడా, ముందే అనుకోవలసిన మాట అది. ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆవిడ లోపలికి వెళ్ళి, తడిపిండి కొట్టించి చలిమిడి చేశారు. కొలత చూడ్డానికి బెల్లం ఎందుకని ఉస్తాద్ అడిగితే, బెల్లం లేకపోతే దాన్ని చలిమిడి అనరన్నారు. "పుట్టిల్లు విడిచి వెళ్ళే పిల్లకు చలిమిడి పెట్టే పంపుతారు. ఇది దోమలగూడ నుంచి ఒట్టి చేతుల్తో వచ్చింది పాపం" అంటూ నా వంక చూశారు. నా పెళ్ళినాటి చలిమిడి గుర్తొచ్చి నా కళ్ళు చెమర్చాయి. ఆవిడ చూడనట్టు నటించారు.

చలిమిడి నిజం చెప్పింది. సందు బాగా తక్కువగా ఉంది. ఉస్తాద్ వేడినీళ్ళ గుడ్డతో బెల్లం తుడిచి, ఆ కొలత పట్టి బ్లాకుకూ హెడ్డుకూ మధ్య వేసే గాస్కెట్‌ను మందపాటి రాగి రేకుతో కత్తిరించాడు. బోల్టులు బిగించేటప్పుడు ఒక్కదాన్నే గట్టిగా బిగించకూడదట. నడిమి నుంచి మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి, అన్నీ కొంచెం కొంచెంగా. అది ఆవిడకు ఎంత నచ్చిందంటే ఆ తర్వాత మా ఇంట్లో సామెతైపోయింది. నేను మా ఆయన మీద విరుచుకుపడబోతే పక్కగదిలోంచి వినపడేది, "కొంచెం కొంచెంగా బిగించవే, పగులుతుంది." కోపం వచ్చినప్పుడు ఇప్పటికీ నాకు ఆ మాటే వినపడుతుంది. ఆవిడ లేకుండా వినపడ్డం ఒక్కటే కొత్త.

ఇంజన్ లేచింది. కాస్త బొంగురు గొంతు, మధ్యమధ్య దగ్గు. అత్తగారు డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, "గొంతు మారింది, మనిషి మంచిదే" అన్నారు. ఆ మధ్యాహ్నమే నల్లకుంట వెళ్ళాం. ఆ చప్పుడు కొత్తది కనుక బుట్ట దిగలేదు. ఆవిడ తల బయటపెట్టి, "అక్కా, నేనే" అని కేకేశారు. తర్వాత తాడు వణుకుతూ దిగింది. మిగిలిన చలిమిడి ముద్దలో బొటనవేలితో గుంట నొక్కి, నెయ్యి పోసి, బుట్టలో పెట్టారు. పైనుంచి ఏడుపూ తిట్లూ కలిపి వినపడ్డాయి. ఆ రోజు అక్కగారు అన్నం తిన్నారని తర్వాత తెలిసింది. మర్నాటి నుంచి సందు మొదట్లో దగ్గు వినపడితే చాలు, బుట్ట దిగేది. అయినా కిందనుంచి 'అక్కా, నేనే' అని వినపడందే అది పైకి వెళ్ళేది కాదు.

చెల్లెలు పోయిన సంగతి అక్కగారికి ఆ రోజే చెప్పారు. మేడ దిగి వచ్చి ఆఖరిచూపు చూసే వీలు లేకపోయింది. పెద్దకర్మ అయ్యాక మొన్న నేను చలిమిడి చేసుకుని నల్లకుంట బయల్దేరాను. ఈసారి మెట్లెక్కి ఆవిడ పక్కన కూర్చుందామనే అనుకున్నాను. ఉస్తాద్ తానూ వస్తానని వెనక సీట్లో కూర్చున్నాడు. ముందు సీటు ఖాళీగా ఉన్నా అందులో కూర్చోలేదు.

సందు మొదట్లో ఇంజన్ దగ్గింది. మేడ కింద కారు ఆపేసరికి బుట్ట అప్పటికే దిగి నా కిటికీకి ఎదురుగా ఆగి ఉంది. నేను పైకి చూడలేదు. చలిమిడి ముద్దను బొటనవేలితో నొక్కి, గుంటలో నెయ్యి పోసి, బుట్టలో పెట్టాను. తాడు కదల్లేదు. అలవాటైన మాట కోసం ఆగినట్టుంది.

"పెద్దత్తయ్యా, నేనే" అన్నాను.

బుట్ట మెల్లగా పైకి వెళ్ళడం మొదలుపెట్టింది.