బంద్ రోజు బండి పాఠం

ఊరు చూడటానికి వచ్చిన చుట్టాలకు హైదరాబాదులో అందరూ చార్మినార్, గోల్కొండ చూపిస్తారు. నేను నా కాలు చూపిస్తాను. దిల్‌సుఖ్‌నగర్ చరిత్ర చాలావరకు దాని మీదే ఉంది. పొడవాటి మచ్చ, కదులుతున్న బస్సు ఫుట్‌బోర్డు మీంచి పడ్డప్పటిది. దాని పక్కనున్న గుండ్రటిది, నేను పూర్తిగా దిగకముందే షేర్ ఆటో ముందుకు దూకినప్పటిది. మడమ దగ్గరిది మూత లేని మ్యాన్‌హోల్ ఇచ్చింది. సగం కాలే లోపలికి వెళ్ళింది కాబట్టి దాన్ని సగం ప్రమాదంగానే లెక్కేస్తాను. చుట్టాలు నవ్వుతారు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం నా చెయ్యి వదిలేసి ఇంకెవరి చెయ్యో పట్టుకుంటారు.

నవ్వు రాని సంగతి ఒకటుంది. దాన్ని చుట్టాలకు చెప్పను. నాతోపాటు కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే ఆవిడ ఒక సాయంత్రం నా కంటే రెండడుగులు ముందు డివైడర్ దాటింది. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకోవడానికి ఆగాను. బస్సు ఆవిడ పాదం మీంచి వెళ్ళిపోయింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఆవిడ ఒక చెప్పు డివైడర్ మీదే, ఎవరో విడిచి గుడిలోకి వెళ్ళినట్టు చక్కగా ఉండిపోయింది. ఆ తర్వాత నేను బస్సు ఎక్కలేదు. అంత దూరం నడవనూ లేను. స్కూటర్ నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

మావారు ఒక ఆదివారం నేర్పారు. పెళ్ళి నిలబడాలంటే బండి నిలబడిపోవడమే మంచిదని సాయంత్రానికి ఇద్దరం ఒప్పుకున్నాం. బండికి కిక్కు కొట్టే పనే లేదు, సెల్ఫ్ స్టార్టే. నాకే కిక్కు దిగిపోయింది.

మేం పైవాటాలో ఉండేవాళ్ళం. కింది వాటాలో నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన ఆటో డ్రైవరు, ఆయన భార్య ఉండేవాళ్ళు. నేను కృష్ణా జిల్లా మనిషిని. నేను ఆయన్ని అన్నయ్యగారూ అనేదాన్ని. ఆ గారు వినబడినప్పుడల్లా ఆయన వెనక ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూసేవాడు. ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. ఆయన ఆటో వెనక జై తెలంగాణ అని పెద్ద అక్షరాలు. అయినా బంద్ రోజు ఆ ఆటో బయటికి వస్తే, ఆ అక్షరాలు చదివేలోపే దాని అద్దం పగిలిపోతుంది. అందుకని బంద్ రోజుల్లో ఆయనకు పని ఉండేది కాదు, కోచింగ్ సెంటర్ మూతపడేది కాబట్టి నాకూ ఉండేది కాదు.

కొత్తపేట నుంచి ఎల్బీనగర్ దాకా మామూలు రోజున చీమకు కూడా సందు దొరకదు. బంద్ నాడు అదే రోడ్డు మీద ఇటుకలు నిలబెట్టి పిల్లలు క్రికెట్ ఆడతారు. ఒక బంద్ ఉదయం ఆయనే పైకి వచ్చి అన్నాడు: "గింత ఖాళీ రోడ్డు మల్ల దొర్కది మేడమ్. దా, బండి నేర్పిస్త."

నేర్పాడు. నేను బండి మీద, ఆయన వెనక సీటు కమ్మీ పట్టుకుని పరుగు మీద. నడక వేగంలో వెళ్ళే బండికి హెల్మెట్ పెట్టుకునేది ఈ పట్నంలో నేనొక్కదాన్నే అని ఆయనకు నవ్వు. నాకు తిన్నగా పోవడం వచ్చింది. ఆగడం సగం వచ్చింది. బ్రేకు మరిచిపోయి రెండు కాళ్ళూ నేలకు ఆనించేదాన్ని. "బ్రేకు చేతుల ఉంది మేడమ్, కాళ్ళల్ల లేదు," అని ఎన్నిసార్లన్నాడో. మలుపు తిరగడం మాత్రం అసలు రాలేదు. రేపు తెలంగాణ ఒస్తే మీ బండి మీదనే విజయవాడ పోవచ్చని ఆటపట్టించేవాడు. నిజమే, రోడ్డు తిన్నగా అటే పోతుంది, నాకు తిన్నగా పోవడమే వచ్చు. తిరిగి రావడం గురించి ఆయనా అడగలేదు, నేనూ అనలేదు.

ఒక బంద్ రోజు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేస్తుంటే నాకూ విస్తరి వేయించాడు. నోరు మెదపకుండా తినమన్నాడు. నేను మాట్లాడితే జిల్లా బయటపడుతుందని. పులిహోర బావుంది. ఉద్యమం ఉప్పు తిన్నాను, ఇంకో బంద్ వస్తే బావుండుననిపించింది. సిగ్గులేకుండా చెబుతున్నాను.

వచ్చింది. ఆ రోజు పండ్ల మార్కెట్ దాటాక గాలిలో కాలిన టైర్ల వాసన ఎక్కువగా ఉంది. ముందర, ఊరు చూడటానికి ఎక్కడినుంచో వచ్చిన యాత్రికుల బస్సొకటి జనం మధ్యలో ఇరుక్కుంది. బంద్ సంగతి వాళ్ళకు ఎవరు చెప్పాలి? ఎవరిదో రాయి తగిలి బస్సు పెద్ద అద్దం ఒక్కసారిగా తెల్లబడి, ఉప్పురాశిలా కూలింది. కిటికీ దగ్గరి పెద్దాయన మొహం మీద చెయ్యి పెట్టుకుని దిగాడు, వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. ఒకావిడ ఏ భాషలోనో బతిమాలుతోంది. అంతలో పోలీసులు వచ్చిపడ్డారు. లాఠీ మోకాలి వెనక తగిలితే మనిషి ఎలా మడతపడతాడో అప్పుడు చూశాను. కిందపడ్డవాణ్ణి ముగ్గురు చుట్టుముట్టి కొడుతున్నారు. లేచినవాళ్ళు మావైపు పరుగెత్తారు.

"ఆపు మేడమ్, దిగు. నేను నడుపుత," అన్నాడాయన.

నేను బ్రేకు మరిచిపోయాను. కాళ్ళు ఈడుస్తూనే ఉన్నాను. పక్క గల్లీ మొదట్లో నిలబడ్డ కుర్రాళ్ళకు కనిపించింది ఒకటే: బంద్ రోజు దర్జాగా హెల్మెట్ పెట్టుకుని బండి మీద పోతున్న ఆడమనిషి. బంద్ అంటే ఎర్క లేదా అని ఒకడు అరిచాడు. రాయి నాకోసమే బయల్దేరింది. నా హెల్మెట్‌కి తగిలి చెవులు గింగురుమన్నాయి. అక్కణ్ణించి ఎగిరి వెనక పరుగెత్తుతున్న ఆయన కుడికంట్లో పడింది.

ఆయన అరవలేదు. కమ్మీ వదల్లేదు. బండి దానంతట అదే ఆగింది. తిరిగి చూస్తే చెంప అంతా ఎరుపు, కన్ను ఉండాల్సిన చోట ఏముందో తెలియలేదు. చున్నీ తీసిచ్చి వెనక కూర్చోమన్నాను. దవాఖానలు దిల్‌సుఖ్‌నగర్ వైపు. అంటే బండిని వెనక్కి తిప్పాలి. తిప్పాను. ఎలా తిప్పానో ఈ రోజుకీ తెలియదు.

గాజుపెంకుల మీంచి, కాలుతున్న టైరు పక్కనుంచి పోయాం. చైతన్యపురి దగ్గర కర్రలతో నలుగురు అడ్డంగా నిలబడి, ఎవరు, ఎక్కడిదాకా అని నన్నే అడిగారు. నోరు తెరవబోయాను. ఆయన చెయ్యి నా భుజం నొక్కింది.

"నా చెల్లె. దవాఖానకు తీస్కపోతుంది. జరుగుండ్రి."

జరిగారు. నా వీపంతా ఆయన రక్తంతో తడిసి, గాలికి చల్లబడింది.

ఒక నర్సింగ్ హోమ్ షట్టరు సగం తీసి ఉంటే వంగి లోపలికి దూరాం. అక్కడ తుడిచి అంబులెన్సులో కంటి దవాఖానకు పంపారు. చున్నీతో అంత గట్టిగా అదమకూడదని డాక్టరమ్మ మందలించింది. ఆపరేషన్ చేశారు. చూపు సంగతి కట్టు విప్పాకే తెలుస్తుందన్నారు. ఆయన భార్య వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఏడవలేదు. కన్ను లేకుంటే ఆటో ఉండదు, ఆటో లేకుంటే మళ్ళీ ఊరే గతి అని, నాతో కాదు, గోడతో అన్నట్టు అంది. ఊళ్ళో వాళ్ళకు ఇల్లూ పొలమూ ఏమీ మిగల్లేదని నాకు అప్పటికే తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం వాంగ్మూలానికి కానిస్టేబుల్ వచ్చాడు. ఉద్యమకారులే కొట్టారు కదా అన్నాడు. గుమ్మంలో ఇద్దరు కాలనీ పెద్దలు, పోలీసోళ్ళే కొట్టిండ్రని చెప్పమని అప్పటికే చెవిలో ఊది ఉన్నారు. ఆయన కట్టు లేని కన్నూ మూసుకుని అన్నాడు:

"ఎవ్వలు కొట్టలే సార్. మేడంకు బండి నేర్పిస్తున్న. డివైడర్‌కు గుద్దింది. కింద పడ్డ."

గుమ్మంలోని పెద్దలు మొహం చిట్లించారు. కానిస్టేబుల్ నావైపు చూశాడు. నిజమేనా అన్నాడు. ఎవరినీ గుద్దేంత వేగం నాకు ఏ రోజూ రాలేదని చెప్పాలనుంది.

"అవునండీ," అన్నాను.

ఆ అండీతో వాడికి నా జిల్లా తెలిసిపోయింది. నన్ను కిందినుంచి పైదాకా చూసి, నిర్లక్ష్యంగా నడిపినట్టు రాసుకుని పోయాడు. అందరూ వెళ్ళాక ఎందుకలా చెప్పారని అడిగాను. ఆ గల్లీ మొదట్లో నిలబడ్డవాళ్ళను ఆయన కూడా చూశాడు.

"మనోళ్ళే మేడమ్. కేసైతే ఆగమైతరు. మీకేమో లైసెన్సే లేదు, ఏం గుంజుకుంటరు?"

జోకు వేసింది ఆయనే. నవ్వబోయి కంటి నొప్పికి ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను.

కట్టు విప్పిన రోజు పొద్దున నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ దూది తీసి, పక్కకు జరిగి, మెల్లగా తెరవమంది. ఆయన కుడి రెప్ప ఎత్తాడు. బాగున్న కంటిని అరచేత్తో మూసుకుని, తల అటూ ఇటూ తిప్పాడు.

"కరెంటు పోయిందా మేడమ్?"

కిటికీలోంచి ఎండ సూటిగా ఆయన మొహం మీదే పడుతోంది. పైన ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంది. డాక్టరమ్మ చేతిలోని కాగితాల వైపు చూసింది. ఆయన భార్య లేచి గోడ దగ్గరకు వెళ్ళింది. స్విచ్ ఆపి, కాసేపు ఆగి, మళ్ళీ వేసింది.

"ఇప్పుడు?" అంది.