ఎడమకాలి చెప్పు

మా బస్సు గైడుని అందరూ అనుమానాలక్క అంటారు. తన నీడని తనే నమ్మదు. పన్నెండేళ్లుగా ఆవిడ పక్కన స్టీరింగు తిప్పుతున్నాను, ఇప్పటికీ నేను టీకి దిగాలంటే తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టే దిగాలి.

మా దగ్గర టికెట్లు రెండు రకాలు. టూర్ టికెట్టు కొంటే ప్రతిచోటా దిగి తిరగొచ్చు. సైట్‌సీయింగ్ టికెట్టు సగం ధరే, కానీ కిటికీలోంచి చూడ్డమే, దిగడానికి లేదు. తేడా ఏంటని ఎవరైనా అడిగితే అక్క, "వాళ్లు కాళ్లతో చూస్తారు, వీళ్లు కళ్లతో చూస్తారు," అంటుంది.

పోయినేడు ఒక సైట్‌సీయింగ్ ఆసామి ఐదు నిమిషాలని బతిమాలి, సంచి తాకట్టుగా వదిలి దిగాడు. మళ్లీ కనపడితే ఒట్టు. సంచి నిండా పాత పేపర్లు. ఇంకోసారి ఒక్క తల తగ్గినా ఉద్యోగం ఊడుతుందని మేనేజరు కాగితం మీద రాసిచ్చాడు. అప్పట్నుంచి సైట్‌సీయింగ్ వాళ్లెవరైనా దిగుతానంటే అక్క వాళ్ల ఎడమకాలి చెప్పు తీసుకుని తన సీటు కింద పెట్టుకుంటుంది. ఒంటి చెప్పుతో ఎంతదూరం పోతారులే అని ఆవిడ ధీమా.

మొన్న మధ్యాహ్నం మూతపడ్డ మిల్లు ముందు, కిటికీ పక్క కూర్చున్న పెద్దాయన లేచి, ఐదు నిమిషాల్లో గేటు దాకా వెళ్లొస్తానన్నాడు. ఆయనదీ సైట్‌సీయింగ్ టికెట్టే. అక్క కళ్లు చిన్నవయ్యాయి. తాళం వేసిన గేటులో చూసేదేముందట? ఈయనా ఆ బాపతేనని నా చెవిలో గొణిగింది. నాకు ఒళ్లు మండింది. ఆ వయసులో ఎక్కడికి పారిపోతాడన్నాను. పోయేది నీ ఉద్యోగం కాదుగా అంది. అదీ నిజమే.

ఎడమ చెప్పు అడిగితే పెద్దాయన రెండూ విప్పి ఆవిడ ముందు పెట్టాడు. తారు రోడ్డు పెనంలా కాలుతోంది. మునివేళ్ల మీద వెళ్లి, గేటు పక్కనున్న చిన్న గదిలోకి తొంగి చూసి, అక్కడే ఎండలో నిలబడ్డాడు. అక్క వాచీ మీంచి చూపు తిప్పలేదు. నిమిషం ముందే వచ్చేశాడు. అరికాళ్లు ఎర్రగా కందిపోయాయి.

అక్కడ అంతసేపు ఏం చూశావని అక్క అడిగింది. అనుమానం ఇంకా పోలేదు.

"ఆ గదిలో ముప్పై ఏళ్లు కాపలా ఉన్నానమ్మా," అన్నాడు. "షిఫ్టు దిగిన ప్రతివాడి చేతా చెప్పులు విప్పించి, ఏమైనా దాచాడేమోనని వెతికేవాణ్ణి. వాళ్లు ఎండలో, నేను నీడలో. ఒక్కడి దగ్గరా ఏమీ దొరకలేదు."

అక్క వంగి, చెప్పులు ఆయన కాళ్ల దగ్గర సరిగ్గా తిప్పి పెట్టింది.

తర్వాత టీకి దిగుతూ అలవాటు కొద్దీ తాళంచెవి చాపాను. తీసుకోలేదు. తలలు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టింది.